ముట్టుకోవద్దు అన్న కాగితం

నవంబరు పదకొండు, మంగళవారం

అమ్మకు నీ చిన్నది నమస్కారాలతో రాసేది. ఇక్కడ నేనూ, నేను కనిపెట్టుకుని ఉండే యంత్రాలూ కులాసా. అక్కడ నువ్వూ నాన్నా బాగున్నారని తలుస్తాను. మెయిల్లో వచ్చేది ఉత్తరమే కాదంటావు గానీ, ఇది ఈ సాయంత్రమే నీకు చేరాలి.

ఈ పొద్దున ఆఫీసులో అడుగుపెట్టగానే ఒక వింత చూశాను. పెద్ద సర్వర్ స్విచ్ మీద "ముట్టుకోవద్దు" అన్న కాగితం ఎప్పటినుంచో అంటించి ఉండేది. అది లేదు. జిగురు మరక మాత్రం మిగిలింది.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వేళకు తింటున్నాను. స్వెటర్ వేసుకుంటున్నాను, యంత్రాల గదిలో చలి అలాంటిది. "ఇంతకీ నువ్వు చేసేదేమిటే?" అని అడిగావు. నువ్వు ల్యాబ్‌లో రిపోర్టు రాసేముందు జబ్బు పేరు కొట్టి వెతుకుతావే, ఆ పేర్ల కోశం ఉండేది మా సర్వర్‌లోనే. ఒకే జబ్బుకు ఒక్కో ఆస్పత్రిలో ఒక్కో పేరు. ఎవరు ఏ పేరుతో వెతికినా ఒకే చోటికి చేరేలా నిపుణులు కూర్చారు. అది పగలూ రాత్రీ తెరుచుకుని ఉండేలా చూడటం మా పని. తీరిక దొరికితే ఆ పేర్లు పైకి చదువుకుంటాను. కొన్ని ఎంత బాగుంటాయో.

ఆ సర్వర్ ఏళ్ల తరబడి ఆగలేదు. అందరికీ అదో గొప్ప. నాకు మాత్రం భయం. అది ఆగితే పక్క గదిలో దానికి నకలుగా ఉంచిన ఇంకో సర్వర్ పని అందుకోవాలి, అందుకుంటుందో లేదో ఎవరూ చూడలేదు. పోయిన నెల మా మేడమ్‌ను అడిగాను.

"ఎప్పుడైనా ఆగిపోతే ఎలా మేడమ్?"

"పొద్దున్నే ఏం మాటలమ్మాయ్ అవి," అన్నారు. సాయంత్రానికి ఆవిడే నా బల్ల దగ్గరికి వచ్చారు. "నీ మాట నన్ను అన్నం తిననివ్వలేదు. ఆ నకలు సంగతేంటో చూడు."

చూశాను. నకలులో వెతికిన పేర్లన్నీ దొరికాయి. బాగుందని చెప్పబోతుండగా నీ ఉత్తరం వచ్చింది. మీ పెద్ద డాక్టరు గారు ఒక జబ్బుకు ఇంకా పాత పేరే రాస్తారని, ఆయనతో వేగలేకపోతున్నానని విసుక్కున్నావు చూడు, ఆ పేరు కొట్టాను. దొరకలేదు. వాడుకలోంచి తీసేసిన పాత పేర్లు ఒక్కటీ నకలులోకి రాలేదు. పాత రిపోర్టు పట్టుకుని వచ్చే రోగి గతి ఏం కావాలి? కూర్చుని అన్నీ ఎక్కించాను.

"ఆ డాక్టరు మారకపోవడమే మంచిదైంది," అన్నారు మేడమ్.

ఇక దాచిన సంగతి. రేపు కాసేపు అంతరాయం రావచ్చని మీ ల్యాబ్‌కు నోటీసు వచ్చి ఉంటుంది. దాని వెనకున్నది నేనే. నకలు పని అందుకుంటుందో లేదో చూడటానికి సర్వర్‌ను మేమే కావాలని ఆపుతున్నాం. ఆపే చెయ్యి నాది, అడిగి తీసుకున్నాను. ఫోనులో చెబితే "పెద్దవాళ్లు లేరా, నీకెందుకే" అంటావని చెప్పలేదు. కాగితం మేడమే పీకారు. "మనిద్దరం వెనక్కి తగ్గకుండా," అని నవ్వారు.

నకలు లేవకపోతే మీ ల్యాబ్‌తో సహా ఎన్నో చోట్ల పని ఆగుతుంది. లేస్తుందమ్మా.

రేపు కాస్త ముందుగా ల్యాబ్‌కు వెళ్లు. ఎనిమిదింటికి స్విచ్ ఆపుతాను. నువ్వు టీ తాగి, నింపాదిగా ఆ పాత పేరు కొట్టి చూడు. "దొరికింది" అని ఒక్క మాట పంపు. అది వచ్చేదాకా స్విచ్ పక్కనే నిలబడి ఉంటాను.

ఇట్లు,
నీ చిన్నది