పల్లంరాజుగారు వేసిన దండ

25 సెప్టెంబరు 2008
మా బట్టల షాపులో నాలుగంతస్తులకీ ఫైర్ అలారం పెట్టెలు బిగించారు. ఎర్రవి. హ్యాండిల్ కిందికి లాగితే బిల్డింగంతా మోగుతుందట. ఒక్కదానికీ వైరు లేదు. కొత్త గోడలు తవ్వడం ఇష్టం లేక ఓనరు వైర్‌లెస్‌వి తెప్పించాడట. వైరు లేకుండా మోగడమేంటి? ఇన్‌స్పెక్షన్ కోసం నాటకం. పన్నెండు గంటలు నిలబడే సేల్స్ వాళ్లకి స్టూళ్లు అడిగితే మాత్రం షాపు అందం పాడవుతుందట! కార్మిక సంఘాల కరపత్రాల్లో ఓనర్ల గురించి రాసింది అక్షరాలా నిజం.

8 అక్టోబరు
ఆయుధపూజ. లిఫ్టుకీ, కుట్టుమిషన్లకీ, బిల్లింగ్ కంప్యూటర్లకీ పసుపు, కుంకుమ. వాచ్‌మన్ పల్లంరాజుగారు ఎర్ర పెట్టెలక్కూడా బంతిపూల దండలు వేశారు, సరిగ్గా హ్యాండిల్‌కే. అదేంటండీ అంటే, ఆయ్, మనల్ని కాపాడేదానికి దండ వద్దేంటండీ అన్నారు. నవ్వొచ్చింది.

10 అక్టోబరు, రాత్రి 9
చీరల సెక్షన్ రత్నమాణిక్యంగారికి యాభై దాటాయి. మోకాళ్ల నొప్పులు. ఒక్క నిమిషం బట్టల బేలు మీద కూర్చున్నారు. ఫ్లోర్ మేనేజరు కస్టమర్ల ముందే, పేరంటానికొచ్చావా తల్లీ, తాంబూలం తెప్పించమంటావా అన్నాడు. ఆవిడ లేచి కళ్లు తుడుచుకున్నారు. నా ఒళ్లు మండిపోయింది. మెట్ల దగ్గరికి వచ్చేశాను. ఎదురుగా ఆ పెట్టె. నీ దొంగ వేషం ఇవాళ బయటపెడతాను అనుకుని లాగాను. ఎవరూ చూడలేదు.

మోగింది. నాలుగంతస్తులూ మోగింది.

జనమంతా ఒకేసారి మెట్ల మీద పడ్డారు. పిల్లల ఏడుపులు. తోపులాటలో పడి తుంటి విరిగింది రత్నమాణిక్యంగారికే. ఎవరి కోసం ఒళ్లు మండిందో ఆవిడకే.

11 అక్టోబరు
దండ బరువుకి హ్యాండిల్ దిగిపోయిందని తేల్చారు. పల్లంరాజుగారిని పనిలోంచి తీసేశారు. ఆయనేమో చేతులు కట్టుకుని, నా బుద్ధి గడ్డి తిందండి, ఆవిణ్ణి నేనే పడగొట్టానండి అన్నారట. తన దండ వల్లే మోగిందని నిజంగానే నమ్మేశారు.

శ్రామికుడు, న్యాయం అని అరిచేది ఈ నోరే. ఓనరు గది తలుపు దాకా వెళ్లాను. అక్కణ్ణించి బాత్రూముకి తిరిగాను.

12 అక్టోబరు
వెళ్లలేదు.

14 అక్టోబరు
హాస్పిటల్‌కి వెళ్లాను. రత్నమాణిక్యంగారి మంచం పక్కన పల్లంరాజుగారు కూర్చుని బత్తాయిలు ఒలుస్తున్నారు. రోజూ వస్తున్నారట. ఇద్దరి ముందూ చెప్పేశాను. లాగింది నేనేనండి అని.

పల్లంరాజుగారు నా భుజం తట్టారు. చూశారా అమ్మా, చదువుకున్న కుర్రాడండి, నా నింద తను మోస్తానంటున్నాడండి అన్నారు. లేనిపోని గొప్పలకి పోకు బాబూ, ఉన్న ఉద్యోగం ఊడుతుంది అన్నారావిడ. నిజంగా నేనేనండి అన్నాను. ఇంకా గట్టిగా అనొచ్చు. అనలేదు. బత్తాయి తొనలు చేతిలో పెడితే తిన్నాను.

వాళ్లు నమ్మనందుకు హాయిగా ఉంది. ఛీ. ఓనరుకి చెబితే నమ్ముతాడు. అందుకే చెప్పలేదు.

17 అక్టోబరు
దీపావళి రష్‌లో మళ్లీ గోల ఎందుకని పెట్టెల్లో బ్యాటరీలు తీయించేశారు. ఇప్పుడవి నిజంగానే ఉత్త పెట్టెలు.

19 అక్టోబరు
పల్లంరాజుగారు సొంతూరు మొగల్తూరు వెళ్లిపోయారు. వెళ్లేముందు నా త్యాగం గురించి షాపులో ఒక్కొక్కరికీ చెప్పి వెళ్లారు. ఫ్లోర్ మేనేజరు కూడా నన్ను మీరు అంటున్నాడు.

26 అక్టోబరు
యూనియన్ పెట్టుకున్నాం. కార్యదర్శిగా నా పేరు చెప్పారు. అందరూ చేతులెత్తారు.

నేనూ ఎత్తాను.