మేం ఊడ్చిన మూల

అక్కకు,

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మా సేవాక్లబ్బు వాళ్ళం బజారు మూల శుభ్రం చేస్తూ, చెప్పులు కుట్టే తాత బతుకుతెరువంతా చెత్తబండికి ఎక్కించేశాం. ప్లాస్టిక్ పట్టా కింద పాత చెప్పుల గుట్ట చూసి చెత్తే అనుకున్నాను. పనిముట్లతో సహా ఎత్తి వేసింది నేనే.

తాత వచ్చి ఖాళీ మూల చూసి, నాతో "మీ జోళ్ళూ అందులోనే ఉన్నాయి బాబూ, నిన్ననే కుట్టి పెట్టాను" అన్నాడు. తలెత్తలేకపోయాను. మా ప్రెసిడెంటు మాత్రం, "కొత్త పనిముట్లు కొనిద్దాంలే, ఇంకో ఫోటో దిగొచ్చు" అన్నాడు.

చీపుర్లతో దిగిన ఫోటో పేపర్లో వస్తుంది. అమ్మను ఇరుగుపొరుగుకు చూపించనివ్వకు. తన మోకాలి నొప్పి తగ్గిందా? బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

తాత చేతికి అలవాటైన పనిముట్లు అవే. రేపు తెల్లవారగానే ఆయనా నేనూ చెత్తదిబ్బ మీద వెతకడానికి వెళ్తున్నాం.

నీ తమ్ముడు