మూడు ఆదివారాల ప్రకటన

పాస్టరు గారికి వందనాలు.

మా మనవరాలు ప్రిస్కిల్లా పెళ్లి ప్రకటన చర్చిలో మూడు ఆదివారాలు చదివితేగాని పెళ్లి జరగదు. మీరు ఒక్కసారీ చదవలేదు. అడిగితే "దేవుని సమయం కోసం కనిపెట్టండి మామ్మగారూ" అన్నారు. వినడానికే అసహ్యమేసింది.

ముప్ఫై నాలుగేళ్లు వచ్చేదాకా ఆ పిల్ల మోకాళ్ల మీద ప్రార్థిస్తూ, ఎదురుచూస్తూ కనిపెట్టింది. దేవుడు మండపేట నుంచి మంచివాణ్ణి పంపాడు. ఆ తరవాత ప్రకటన కాగితం ఆగింది మీ బల్ల సొరుగులో. మీ బావమరిదికి పిల్లనివ్వలేదన్న కోపానికి దేవుడి పేరెందుకండీ?

దేవుడి ఆలస్యం నాకు డెబ్బై ఎనిమిదేళ్లుగా తెలుసు. అందులో ఇలాంటి చౌకబారుతనం ఏనాడూ చూడలేదు.

ఈ ఆదివారం మీరు చదవకపోతే, ప్రసంగం అవగానే నేనే లేచి చదువుతాను. ముప్ఫై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పిన గొంతు, మైకు అక్కర్లేదు.

ఇట్లు,
ప్రిస్కిల్లా మామ్మ