పిన్ని రాసిన మాడ్యూల్

మార్చి 4

ఆస్పత్రి వెబ్‌సైట్‌లో ఓపీ వేళలు మారాయి. వేళల లెక్క కట్టే కోడ్‌ని మా టీమ్ ప్రతి పేజీలోనూ కాపీ పేస్ట్ చేసి పెట్టుకుంది. వెతికి వెతికి మార్చాను. మొబైల్ పేజీ ఒకటి మిగిలిపోయింది. అది నమ్మి ఒక పెద్దాయన పొద్దున్నే వచ్చి, మూసిన తలుపు ముందు కూర్చున్నాడట. తల కొట్టేసినట్టయింది.

మార్చి 5

ట్రయల్ మీద కొత్తగా చేరినావిడ, పిల్లల్ని పెంచి పదేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగానికొచ్చింది. అందరం పిన్ని అంటాం. ఆ లెక్కంతా ఒక విడి ఫైల్‌లో, మాడ్యూల్‌గా పెడతాను, పేజీలన్నీ అక్కణ్ణుంచే ఇంపోర్ట్ చేసుకుంటాయి, ఇక ఎప్పుడు మార్చినా ఒక్కచోటే అంది. స్క్రీన్ మీద కొత్తగా ఏం కనిపిస్తుందమ్మా అని మేనేజర్ గారు అడిగారు. ఏమీ కనిపించదండీ అంది. ఆయన పెదవి విరిచారు. నెలాఖరుకి ఆవిణ్ణి ఉంచాలో పంపాలో తేల్చేది ఆయనే.

మార్చి 13, మధ్యాహ్నం

మాడ్యూల్ చూశాను. ముచ్చటేసింది. లోపల సెలవులూ, లంచ్ టైమూ, డాక్టర్ల డ్యూటీలూ, బోలెడంత తతంగం. బయటికి ఇచ్చింది మాత్రం రెండే ఫంక్షన్లు. ఒకటి ఖాళీ వేళలు చెబుతుంది, రెండోది బుక్ చేస్తుంది. పేర్లు చదివితే చాలు, లోపలికి తొంగిచూసే పనే లేదు. తలకిందులుగా తపస్సు చేసినా నేనిలా రాయలేను.

మార్చి 18

ల్యాబ్ సైట్ టీమ్ వాళ్లు ఆ మాడ్యూల్ మాకూ కావాలన్నారు. పిన్ని దాన్ని ప్యాకేజీగా కట్టి, వెర్షన్ నంబరు వేసి, వాడే పద్ధతి రాసి ఇచ్చేసింది. రేపు నేనేదైనా మార్చినా మీ సైట్ చెడదు, కుదిరినప్పుడే కొత్తది తీసుకోండి అని చెప్పింది.

నాకు ఉండబట్టలేదు. కూర్చున్న కొమ్మని ఎవరైనా నరుక్కుంటారా పిన్నీ, కొంచెం మీ చేతిలో ఉంచుకోండి అన్నాను. తాళాలన్నీ కొంగున ముడేసుకుని తిరిగే ఓపిక నాకు లేదు నాయనా అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మార్చి 27

భయపడ్డదే అయింది. ఆ పని ఇప్పుడు ఎవరైనా చేసుకోగలరుగా, ఇక ఆవిడెందుకు అని మేనేజర్ గారు నన్ను గదిలోకి పిలిచి అడిగారు. ఎవరికీ అర్థంకాని బిల్లింగ్ కోడ్ రాసి, ఉద్యోగం మానేసి వెళ్లిన మహానుభావుణ్ణి మనం ఇంకా ఫోన్లు చేసి బతిమాలుతున్నాం కదండీ, అది ఈవిడ చేతికివ్వండి అన్నాను. రేపు చెబుతానన్నారు.

మార్చి 28

పిన్నిని ఉంచేశారు. బిల్లింగ్ కోడ్ ఆవిడకే. పాపం బిల్లింగ్ కోడ్.

ఏప్రిల్ 9

పిన్ని సెలవు. పొద్దున ఓపీ వేళలు మళ్లీ మారాయి, టీ చల్లారేలోగా మార్చేశాను. సాయంత్రం ఫోన్ చేశాను. వాళ్లమ్మాయి జ్వరం గురించే మాట్లాడుకున్నాం.