నాన్న తల క్షేమం

అమ్మా,

నాన్న తల పగల్లేదు. ఆ మాట విన్నావుగా, ఇక కాస్త మంచినీళ్ళు తాగు.

నేను మట్టితో చేసిన నాన్న తలకి గాలి పోయే కన్నం పెట్టడం మరిచిపోయి బట్టీలో పెట్టేశానని పోయిన కార్డులో రాశాను కదా. లోపల బోలుగా ఉన్న బొమ్మకి కన్నం లేకపోతే ఆవిరి పట్టి పేలిపోతుంది, పక్కనున్న అందరి బొమ్మల్నీ పాడుచేస్తుంది. నువ్వేమో అపశకునమని ఒకటే ఏడుపట, అక్క చెప్పింది. ఇక్కడ నాకూ ముద్ద దిగలేదు. ఇవాళ బట్టీ తెరిచారు. మా మేడమ్ తలని అటూ ఇటూ తిప్పి చూసి, "కన్నం లేదంటావేంటమ్మా, ఇంత నోరు పెట్టుకుని!" అని పకపకా నవ్వింది. నాన్న కుర్చీలో కునుకు తీస్తున్నట్టు చేశాను. నోరు అచ్చం ఆయనదిలా ఉండాలని గొంతు దాకా తవ్వేశాను. ఆవిరంతా అందులోంచే పోయిందట! గురక పెడుతున్నారని ఇకమీదట ఆయన్ని మోచేత్తో పొడవకు.

తడి మట్టి మీద కప్పడానికి పాత నూలు దుప్పటి ఒకటి పంపు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? నీ కళ్ళజోడు బాగుచేయించారా, ఈ కార్డు కూడా నాన్నే చదివి వినిపిస్తున్నారా? ఇద్దరికీ నమస్కారాలు, అక్క పిల్లలకి ముద్దులు.

మీ చిన్నమ్మాయి

నాన్నా, చోటు లేక ఈ అంచున ఇరికిస్తున్నాను, ఇది మాత్రం పైకి చదవకండి. తర్వాతి బొమ్మ అమ్మది. నోరు మూసి చేస్తే పేలిపోతుందేమోనని, మిమ్మల్ని తిడుతున్నట్టే చేస్తున్నాను.