కారుకు బిగించిన రేడియో

గుణదల,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన పాల్ గారికి,

మీ హెప్సిబా ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్న ఉత్తరం. నేనూ, అక్షయా, అత్తయ్యా దేవుని దయవల్ల బాగున్నాం. సముద్రం మీద మీరూ అలాగే ఉండాలని రోజూ ప్రార్థనలో మీ పేరు తలుస్తున్నాం.

ఫోన్లుండగా ఈ కాగితాలేమిటని నవ్వుకోకండి. ఓడలో మీ సిగ్నల్ నా మాట సగంలో ఉండగానే తెగిపోతుంది. తెగని రోజున మీరే మధ్యలో అడ్డుపడతారు. మచిలీపట్నం లక్ష్మీకాంత్ సింగపూర్‌లో మీ ఓడ ఎక్కుతున్నాడని తెలిసి, ఆవకాయ సీసాతో పాటు ఇది కూడా ఇచ్చి పంపుతున్నాను. చివరిదాకా చదివాకే ఫోన్ చేయండి.

అత్తయ్య మోకాలి సంగతి అడిగారు. మెట్లు దిగేటప్పుడు తప్ప నొప్పి లేదట. ఆటో పిలుస్తానంటే మాత్రం వినరు, చర్చికి నడిచే వెళతానంటారు. అక్షయకు లెక్కల్లో మార్కులు పెరిగాయి, సోషల్‌లో తగ్గాయి. అడిగితే "అన్నీ ఒకేసారి పెరగాలంటే ఎలా మమ్మీ" అంటోంది. ఆ జవాబు ఎవరి పోలికో మీకే తెలియాలి.

నేను నిద్రపోతున్నానా లేదా అని కూడా అడిగారు. సరిగ్గా లేదు. ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోతున్నాను. కూర తరుగుతూ లేచి కిటికీ దగ్గరికి వెళతాను, ఎందుకు వెళ్లానో తెలియక మళ్లీ వస్తాను. "కాలుగాలిన పిల్లిలా ఏంటమ్మా ఆ తిరుగుడు" అని అత్తయ్య విసుక్కుంటున్నారు. బుడమేరు వరదప్పుడు సింగ్‌నగర్‌లో అక్క ఫోను మూగబోయిందే, అప్పుడు పట్టుకుంది నాకు ఈ జబ్బు. ఫ్లైఓవర్ మీద నిలబడి ఎన్ని పడవల వాళ్లను అడిగానో. చివరికి, ఫోన్లు లేనిచోట వైర్‌లెస్ సెట్లతో మాట్లాడుకునే హామ్ రేడియో క్లబ్బు మనిషి ఒకాయన పడవలోంచి తన సెట్టులో అక్క మాట అందించాడు: "మేడ మీద ఉన్నాం, పిల్లలు బాగున్నారు, హెప్సీని ఏడవొద్దనండి." ఆ ఒక్క మాట కోసమే కదా నేను పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నది.

ఇక మీ అసలు ప్రశ్న. కారులో రేడియో బిగించావా, ఆరెంజ్ వైర్ల జోలికి పోలేదు కదా అన్నారు. పోలేదు. వాటిలో పెద్ద బ్యాటరీ నుంచి వచ్చే, ప్రాణం తీసే కరెంటు ఉంటుందని మీరు చెప్పింది మరిచిపోలేదు. క్లబ్బు పెద్దాయన వెంకటప్పయ్య గారు, రైల్వే సిగ్నల్ విభాగంలో చేసి రిటైరయ్యారని చెప్పానే, ఆయన దగ్గరుండి చేయించారు. డిక్కీలో ఉన్న చిన్న బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసి వైరు లాగాం. అది కార్పెట్ కింద నుంచి ముందు సీటు దాకా వచ్చింది. సెట్టు గేరు పక్కన కూర్చుంది. కప్పుకు చిల్లు పెట్టలేదు, కంగారు పడకండి. అయస్కాంతంతో అతుక్కునే యాంటెన్నా పెట్టాం.

"హైబ్రిడ్ బండి మనకి దొరికిన వరం అమ్మా" అన్నారాయన. "ఆన్‌లో పెట్టి వదిలేస్తే పెద్ద బ్యాటరీ చిన్నదాన్ని నింపుతానే ఉంటది. చాలకపోతే ఇంజను దానంతటదే లేస్తది. ఊరంతా కరెంటు పోయినా నీ రేడియో పోదు."

బెజవాడలో ఎటు తిరిగినా అందరి మాటలూ గంటల్లా వినిపించాయి. మంగళగిరి దాకా వెళ్లి చూశాను, అక్కడా అంతే. బండి ఆన్‌లో ఉన్నప్పుడు సెట్టులో ఆ మాటల వెనక సన్నగా ఒక గర్ర్‌మనే చప్పుడు ఉండేది. పెద్ద బ్యాటరీ కరెంటును మార్చే యంత్రం నుంచి వచ్చే రొద అది. దాన్ని అణచడానికి వైర్లకు తొడిగే రింగులు ఉంటాయి, తెప్పించి వేద్దాంలే అనుకున్నాం. దగ్గరి గొంతుల ముందు ఆ రొద ఒక లెక్కగా అనిపించలేదు.

అవి రాకముందే తుపాను వచ్చింది.

పాల్ గారూ, ఇక్కడి నుంచి నెమ్మదిగా చదవండి. తుపాను రోజుల్లో కృష్ణ దిగువకు వెళ్లనని మీరు ఓడెక్కే ముందు నా చేత మాట తీసుకున్నారు. నేను వెళ్లాను.

ఆ ఉదయం వెంకటప్పయ్య గారు ఫోన్ చేశారు. "నాగాయలంక అవతల లంకలో మన క్లబ్బు లాజరు మాస్టారు ఒక్కడే చేతిసెట్టుతో ఉండిపోయాడమ్మా. టవర్లు పడిపోతే ఆయన మాట అందుకోడానికి రేవు దగ్గర ఒక బండి ఉండాలి. నిన్ను వెళ్లమనను. ఎవరన్నా ఉంటే చెప్పు." ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్లాను, హాల్లోకి వచ్చాను, మళ్లీ వంటింట్లోకి వెళ్లాను. అత్తయ్య ఫ్లాస్కులో టీ పోసి చేతికిచ్చారు. "ఇక్కడుంటే నువ్వు గోడలెక్కేట్టున్నావు. వెళ్లు. దేవుడున్నాడు" అన్నారు. ఆమెను ఏమీ అనకండి.

రేవుకు దగ్గర్లో ఉన్న బడి ఆవరణలో కారు నిలిపాను. పక్కనే మురుగు కాలువ. డిప్యూటీ తహసీల్దారు హర్షవర్ధన్ గారు అక్కడే పోలీసు సెట్టు పట్టుకుని ఉన్నారు. ఆ సెట్టులో సహాయక పడవతో మాట్లాడొచ్చు కాని లంక అందదు. లంక నా సెట్టుకే అందాలి. మధ్యాహ్నానికి ఫోన్లు పోయాయి. గాలికి కారు ఊగుతోంది. సాయంత్రం కావస్తుండగా లాజరు మాస్టారి గొంతు వచ్చింది, ఎక్కడో నూతిలోంచి పిలిచినట్టు.

"పాము... నాంచారమ్మ... షెల్టర్‌లో..."

తక్కినదంతా గర్ర్‌మనే రొద తినేసింది. ఆ రొద మన కారుదే. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అదే. చేయి స్టార్ట్ బటన్ మీదకు వెళ్లింది. బండి ఆపేశాను. రొద పోయింది, మాస్టారి మాట బయటపడింది. తుపాను షెల్టర్‌లో తలదాచుకున్న నాంచారమ్మ అనే ఆవిడను రక్తపింజరి కరిచింది. కాలు వాస్తోంది. అవనిగడ్డ ఆసుపత్రికి చేర్చాలి. లంక వైపు, జనాన్ని దాటించే పంటు ఆగే రేవు మునిగిపోయింది, పడవ అక్కడికి రాకూడదు, ఉత్తరం వైపు తుమ్మచెట్ల దగ్గరికి రావాలి.

హర్షవర్ధన్ గారు పడవను పంపారు. ఇక మాస్టారు లంక ఒడ్డున నిలబడి చూసి చెప్పేది నేను వినాలి, నేను చెప్పింది హర్షవర్ధన్ గారు పడవకు అందించాలి. బండి ఆపేసి ఉంది కాబట్టి రేడియో ఆ చిన్న బ్యాటరీనే తాగుతోంది. మాట్లాడిన ప్రతిసారీ డ్యాష్‌బోర్డు దీపం మసకబారుతోంది. నాకు కనిపిస్తూనే ఉంది.

అప్పుడు ఒక మనిషి పరిగెత్తుకొచ్చాడు. కాలువ కట్టకు గండి పడిందన్నాడు.

"మేడం, బండి తీసెయ్యండి. కరకట్ట మీదికెక్కించండి" అని హర్షవర్ధన్ గారు అరిచారు.

"బండి ఆన్ చేస్తే ఆయన మాట వినపడదండీ."

"పది నిమిషాలేనండీ!"

"పడవ ఎటు పోతోందో పది నిమిషాలు ఎవరు చెప్తారు సార్?"

ఆయన సెట్టు పైకెత్తి పట్టుకున్నారు. నీళ్లలోనే కారు పక్కన నిలబడ్డారు. "ఎడమకి... ఇంకా ఎడమకి... వల కర్రలున్నాయి, ఆగమనండి" అని మాస్టారు చెబుతున్నారు. నేను చెబుతున్నాను, హర్షవర్ధన్ గారు పడవకు చెబుతున్నారు. మాస్టారి సెట్టులో చార్జి అయిపోతోందని కాబోలు, మాటకూ మాటకూ మధ్య చాలాసేపు ఆగుతున్నారు. ఆ ఖాళీల్లో ఏం చేయాలో తెలియక నేను "ఉన్నాను మాస్టారూ, వింటున్నాను" అంటూనే ఉన్నాను. చివరికి "ఎక్కించాం" అన్నారు. ఆ తర్వాత ఆయన గొంతు మళ్లీ రాలేదు, చార్జి అయిపోయిందని మర్నాడు తెలిసింది.

అప్పుడు బటన్ నొక్కాను. టిక్కుమంది. ఇంకోసారి నొక్కాను, అదీ లేదు. కింద అంత పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, దాన్ని లేపే చిన్న బ్యాటరీ చచ్చిపోతే బండి బొమ్మతో సమానం. తలుపు తీస్తే నీళ్లు నా మోకాళ్ల మీదకు వచ్చాయి. హర్షవర్ధన్ గారు చేయి పట్టి లాగారు. నేను సెట్టు ఊడదీసుకుని గుండెకు హత్తుకుని కరకట్ట ఎక్కాను. తెల్లవారి చూస్తే సీట్ల పైదాకా ఒండ్రు. షెడ్డు వాళ్లు విప్పి చూసి, పెద్ద బ్యాటరీలోకి నీళ్లు వెళ్లాయి, ఇది ఇక మన చేతిలో లేదన్నారు. మీరు మురిపెంగా కొనుక్కున్న బండి లేదండీ. ఇన్నాళ్లూ వీడియో కాల్‌లో పార్కింగ్ వైపు కెమెరా తిప్పకుండా తప్పించుకున్నాను.

ఇంతటితో అయిపోతే బాగుండేది. ఇంకొకటి ఉంది.

నిన్న నాంచారమ్మ మన ఇంటికి వచ్చింది. భర్తతో బస్సులో, కుంటుకుంటూ, ఎండు రొయ్యల సంచీ పట్టుకుని. ముప్పై ఏళ్లుంటాయేమో. కూర్చోమంటే గుమ్మంలోనే నిలబడి నా మొహం చూసింది.

"ఆ గొంతు మీదేనా అక్కా?"

"ఏ గొంతమ్మా?"

"మాస్టారు పెట్టెలోది. నన్ను నిద్దరపోనియ్యొద్దని అక్కడోళ్లన్నారంట. నాకేమో కళ్లు మూతలు పడిపోతన్నాయి. మాస్టారు ఒడ్డున మాటాడతా ఉంటే నన్ను పక్కనే పడుకోబెట్టారు. వింటన్నాను, ఉన్నాను అని మీరు అంటానే ఉన్నారు. నన్నే అంటన్నారనుకున్నా. ఆవిడ వింటా ఉంటే నేనెట్టా నిద్దరపోతానని కళ్లు తెరుచుకుని పడుకున్నా."

ఆమె చేయి పట్టుకుని లోపలికి తెచ్చి కూర్చోబెట్టాను. అత్తయ్య కొంగుతో కళ్లొత్తుకున్నారు. వెళుతూ వెళుతూ నాంచారమ్మ గేటు దగ్గర వెనక్కి తిరిగి అడిగింది: "మళ్లీ తుపానొస్తే వత్తావా అక్కా?"

వస్తానన్నాను. ఆలోచించలేదు. మిమ్మల్ని అడగలేదు. బండి లేదన్న సంగతి కూడా గుర్తు రాలేదు.

మీకిచ్చిన మాట తప్పినందుకు క్షమించమని అడుగుతాను. కాని ఆమెకిచ్చిన మాట వెనక్కి తీసుకోమని మాత్రం అడగకండి. కోపం వస్తే కోపంగానే మాట్లాడండి, ఈసారి మధ్యలో నేను అడ్డురాను.

ఇట్లు,
మాట తప్పినా మీ భార్యనే,
హెప్సిబా