పట్టాలు లేవని గీసిన దారి

కరీమాబాద్, వరంగల్
సోమవారం

ప్రియమైన శామ్యూల్ గారికి, మీ ప్రీతి వందనాలు.

దేవుని దయవల్ల ఇక్కడ నేను, అత్తమ్మ బాగానే ఉన్నాం. కలకత్తాలో మీరూ అలాగే ఉండాలని ఇద్దరం రోజూ ప్రార్థన చేసుకుంటున్నాం. అత్తమ్మ బీపీ మాత్రలు అయిపోయాయా అని మీరు అడిగారు. మొన్ననే తెచ్చాను. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయి, ఇబ్బంది లేదు. వంటింటి రేకు కింద కారుతున్న చోట తారు పూయించాను.

ఇంకొకటి కూడా అడిగారు. పనికి పది నిమిషాల్లో చేర్చే దగ్గరి దారి దొరికితే, ఆ దారిన సైకిల్ మీద వెళ్లొద్దని ఎందుకు ఒట్టు పెట్టించుకున్నానని. ఫోన్‌లో చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే రాస్తున్నాను.

లిఫ్టులు బిగించే పని మీద మీరు వెళ్లినప్పటి నుంచి నేను కంప్యూటర్‌లో మ్యాప్ గీస్తున్నానని మీకు తెలుసు. ఎవరైనా గీయగలిగే, ఎవరైనా దిద్దగలిగే మ్యాప్ అది. మొదట మన గల్లీలు గీశాను. తర్వాత మీ గది ఉన్న సందు, మీరు టీ తాగే కొట్టు, మీరు సైకిల్ మీద వెళ్లే వీధులు. గీస్తున్నంతసేపూ మీ పక్కనే ఉన్నట్టుండేది.

మీ సందు చివర పెద్ద రోడ్డు మీద ట్రాము పట్టాలు గీసి ఉన్నాయి. మ్యాప్‌లో రోడ్డు ఒక గీత, పట్టాలు వేరే గీత. ట్రాము ఆగిపోయినా పట్టాలు రోడ్డులోనే ఉంటే ‘వాడుకలో లేవు’ అని రాయాలి. తవ్వి తీసేస్తేనే ‘తీసేశారు’ అని రాయాలి. ఒకరోజు వీడియో కాల్‌లో మీరు “ఈ రోడ్డు మీద ట్రాములన్నీ పోయినయ్” అన్నారు. పైనుంచి తీసిన ఫొటోలో చూస్తే రోడ్డంతా చెట్ల నీడ. పట్టాలు కనబడలేదు. ‘తీసేశారు’ అని పెట్టేశాను.

సైకిల్ దారులు చూపించే మీ యాప్ ఈ మ్యాప్‌నే చదువుతుంది. పట్టాలున్న రోడ్డయితే సైకిళ్లను తప్పించి పంపుతుంది. లేవనగానే అటే పంపడం మొదలుపెట్టింది. మీకు దొరికిన దగ్గరి దారి అదే.

మూడు వారాల తర్వాత ఒకరోజు పొద్దున మ్యాప్ మీద, సరిగ్గా ఆ రోడ్డు దగ్గర, ఎవరో ఒక మాట రాసి పెట్టారు. ‘ఇక్కడ పట్టాలు ఉన్నాయి. ఇవాళ వానలో ఒక సైకిల్ చక్రం వాటిలో ఇరుక్కుంది. మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లారు.’

అది మీరు పనికి వెళ్లే వేళ. ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేస్తే అందుబాటులో లేదంది. నాలుగు గంటలు చేస్తూనే ఉన్నాను. అత్తమ్మ అన్నం పెట్టుకురమ్మంటే ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే వడ్డించాను. ఆమెకు ఏమీ చెప్పలేకపోయాను. చివరికి మీరే చేసి, “లిఫ్టు గుంతల ఉన్న, సిగ్నల్ లేదు. ఏమైంది, గట్ల ఏడుస్తానవ్?” అన్నారు. గుర్తుందా? ఆ దారిన వెళ్లొద్దని అప్పుడే ఒట్టు పెట్టించుకున్నాను.

పడ్డది మీరు కాదని తెలియగానే దేవునికి స్తోత్రం చెప్పాను. మరెవరో పడ్డారన్న సంగతి ఆ తర్వాతే గుర్తొచ్చింది. అప్పటి నుంచి ఆ స్తోత్రం తలచుకుంటే నాకు భయం వేస్తోంది.

వెంటనే మ్యాప్ సరిచేశాను. మర్నాడు పడ్డాయన కూతురు అక్కడే రాసింది. ‘మా నాన్న బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. తుంటి విరిగింది, ఆపరేషన్ చేశారు. పట్టాలు తీసేయడం కళ్లారా చూశానన్న మనిషి ఎవరు?’

ఇక దాచలేను. ఆ మనిషి నేనే. మార్పు చేసినప్పుడు ‘మీకెలా తెలుసు’ అని మ్యాప్ అడుగుతుంది. ‘స్వయంగా చూశాను’ అని రాశాను. అక్కడివాళ్లు ఒకరు అనుమానపడి, ‘నిజంగా తవ్వేశారా?’ అని అడిగారు కూడా. అవునన్నాను. కలకత్తా మొహం ఎన్నడూ చూడని దాన్ని, ఆ వీధి నాకు తెలుసని అనిపించుకోవాలని అబద్ధమాడాను. వాళ్లు నమ్మి వదిలేశారు.

నా పేరు చెరిపేసుకుని మ్యాప్ నుంచి వెళ్లిపోదామనుకున్నాను. పోలీసులు వస్తారేమో, ఆ పెద్దాయనకు ఏమన్నా అయితే ఎలాగని రెండు రోజులు ముద్ద దిగలేదు. అత్తమ్మ దగ్గరికొచ్చి నుదురు పట్టుకుని చూసింది.

“జ్వరం లేదు. మరెందుకు తింటలేవు బిడ్డా? దాయకు, చెప్పు.”

అంతా చెప్పాను. మీకెలా చెప్పాలో తెలియడం లేదన్నాను.

“నా కొడుకుకు తర్వాత చెప్పుదువు గాని. పడ్డాయనకు చెప్పినవా?”

“భయమైతాంది అత్తమ్మా.”

“అయితది. నేను పక్కన కూసుంట. రాయి.”

ఆమె పక్కన కూర్చుంటే నా పేరు, ఊరు, ఫోన్ నంబరుతో నిజం రాశాను. మూడు రోజులు జవాబు లేదు. నిన్న చర్చి నుంచి వచ్చేసరికి ఆ పెద్దాయనే ఫోన్ చేశారు. మెల్లగా ఇంగ్లీషులో మాట్లాడారు.

“మీ ఊళ్లో ట్రాములున్నాయా?”

“లేవు సార్. నేను ట్రామును ఎన్నడూ చూడలేదు.”

క్షమించమని అడిగాను. దానికి ఆయన అవుననలేదు, కాదనలేదు.

“కంప్యూటర్ తెరువు. నేను చెప్పింది చెప్పినట్టు గియ్యి,” అన్నారు. తాను ముప్ఫై ఏళ్లు తిరిగిన రోడ్డంతా మంచం మీద పడుకునే చెప్పారు. మందుల షాపు నుంచి మలుపు దాకా పట్టాలు పైకి తేలి ఉన్నాయి. బడి ముందు తారు కప్పేసింది, కానీ వానకు అంచులు బయటపడ్డాయి. చెప్పింది చెప్పినట్టే గీశాను. మధ్యలో ఆయన నొప్పికి మూలిగితే ఆగాను. ఆగొద్దన్నారు.

వంతెన దగ్గరికి వచ్చేసరికి, “దాని అవతల ఇప్పుడెలా ఉందో నేను చూడలేదు. చూడనిది చెప్పను,” అని ఫోన్ పెట్టేశారు.

ఆ అవతలి ముక్క మీద ‘తెలియదు’ అని రాసి వదిలేశాను. మీకు సెలవు దొరికిన రోజు అక్కడికి వెళ్లి పట్టాలు ఉన్నాయో లేవో చూసి రాయండి. నామీద ఎంత కోపమొచ్చినా సరే, నడిచే వెళ్లండి.

ఇట్లు
భయపడుతూనే ఎదురుచూసే మీ భార్య
ప్రీతి